వడగళ్లు పడ్డ మియాటాకి నేనే ఫైబర్ బానెట్ చేసుకున్నాను: నా అనుభవం

2024 మే నెలలో ఒక రాత్రి మా ఊళ్లో నిమ్మకాయంత వడగళ్లు పడ్డాయి. మేం ఉండేది అమెరికాలో, డల్లాస్ పక్కన. ఇక్కడ వసంతకాలం వచ్చిందంటే వడగళ్ల భయం ఉంటుంది. అందుకే గ్యారేజీలో ఎప్పుడూ నా 1992 మాజ్డా మియాటాకే చోటు, అదొక చిన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఆ రాత్రి మాత్రం గ్యారేజీ నిండా ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల సామాన్లు, అట్టపెట్టెలు. మియాటా బయటే ఉండిపోయింది.

పొద్దున్నే లేచి చూస్తే బానెట్ మీద 41 సొట్టలు. ఒక్కొక్కటీ వేలితో తడుముతూ లెక్కపెట్టాను. ఇక్కడివాళ్లు హుడ్ అంటారు, నాకు మాత్రం బానెట్ అనే నోటికి వస్తుంది. పాత కారు కాబట్టి ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి మాత్రమే ఇన్సూరెన్స్ కడుతున్నాను. అంటే రిపేరు ఖర్చు మొత్తం నాదే.

సొట్టలు తీసే అతన్ని పిలిస్తే, జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి బానెట్ మీద పెట్టాడు. అది అంటుకోకుండా జారి కింద పడింది. "ఇది అల్యూమినియం. పైగా ఇన్ని సొట్టలు. 900 డాలర్లు అవుతుంది, అయినా పూర్తిగా పోతాయని గ్యారంటీ ఇవ్వలేను" అన్నాడు. మియాటాకి కంపెనీ నుంచే అల్యూమినియం బానెట్ వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఆరేళ్లుగా ఆ కారు నడుపుతున్నాను!

నిజానికి ఫైబర్ బానెట్ ఆలోచన ముందు నుంచే ఉంది. ఫైబర్ అంటే గాజు పోగులని రెజిన్ అనే చిక్కటి ద్రవంలో తడిపి గట్టిపరిచేది. ఏడాదికి రెండుమూడు సార్లు ట్రాక్ డేకి, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడపడానికి, వెళ్తాను. టెక్సాస్ ఎండలో 15 నిమిషాలు గట్టిగా నడిపితే టెంపరేచర్ ముల్లు పైకి పాకేది. రేడియేటర్ వెనక బానెట్‌కి రెండు గాలి కంతలు పెడితే వేడి బయటికి పోతుందని చాలామంది చెప్పారు. రెడీమేడ్ ఫైబర్ బానెట్ అడిగితే 600 డాలర్లు, రవాణా ఇంకో 250 అన్నారు. పాత కార్ల యార్డులో అల్యూమినియందే అప్పట్లో 300కి దొరికేది. డబ్బే లెక్క అయితే అక్కడితో ఆగిపోవాలి.

నేను ఆగలేదు. దానికి కారణం మా మావయ్య. కాకినాడలో ఆయనది ఫైబర్ బోట్ల పని. చిన్నప్పుడు వేసవి సెలవులకు వెళ్తే ఆ షెడ్డులో రెజిన్ వాసన, బోటు అడుగున గాజు పోగుల తెల్లటి మ్యాట్ పరుస్తూ ఆయన, పక్కన బ్రష్షులు అందిస్తూ నేను. వీడియో కాల్‌లో సొట్టల బానెట్ చూపిస్తే రెండు నిమిషాలు చూసి, "దాన్ని పారేయకురా. పుట్టీ పెట్టి నున్నగా చేసుకో. అదే నీకు అచ్చు" అన్నాడు. పని మొదలైంది ఆ మాటతోనే.

జూన్ 8న మొదలుపెట్టాను. శనివారాలు మాత్రమే కుదిరేది. సొట్టలకు పుట్టీ పెట్టడం, ఆరాక అరగదీయడం, ప్రైమర్ కొట్టడం, మళ్లీ అరగదీయడం. ఒక్క వారంలో అయిపోతుందనుకున్న పనికి నాలుగు వారాలు పట్టింది. కంటికి నున్నగా కనిపించినా చాలదు. గది చీకటి చేసి, ట్యూబులైటు పక్క నుంచి పడేలా పెట్టి చూస్తే ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. ఈ పాత బానెట్ మీద ముందు ఫైబర్‌తో మోల్డ్, అంటే తిరగబడ్డ అచ్చు, తీయాలి; కొత్త బానెట్ ఆ మోల్డ్‌లో తయారవుతుంది. ఇక్కడ వదిలేసిన ప్రతి గీతా మోల్డ్‌లోకి వెళ్తుంది, అక్కడి నుంచి కొత్త బానెట్‌లోకి వస్తుంది. తొందరపడి అంచుల దగ్గర రెండు చోట్ల వదిలేశాను. అవి ఈ రోజుకీ నా బానెట్ మీద ఉన్నాయి.

తర్వాత వ్యాక్స్. ఆరు పూతలు, పూతకీ పూతకీ మధ్య గంట ఆగడం. దాని మీద పీవీఏ అని ఆకుపచ్చటి ద్రవం స్ప్రే చేయాలి. ఆరాక సన్నటి పొరలా అవుతుంది, నీళ్లు తగిలితే కరిగిపోతుంది. రెజిన్ పాత బానెట్‌కి అంటుకుపోకుండా కాపాడేవి ఈ రెండే. దీనికే రెండు సాయంత్రాలు పట్టింది.

జూలై 6, శనివారం మధ్యాహ్నం మోల్డ్‌కి జెల్‌కోట్, అంటే పైన నున్నగా నిలిచే మొదటి పూత, వేద్దామని కూర్చున్నాను. గ్యారేజీలో 37 డిగ్రీలు. డబ్బా మీద రాసినట్టే 2 శాతం హార్డనర్, అంటే గట్టిపరిచే మందు, కలిపాను. పావు భాగం పూసేసరికి బ్రష్ జిగటగా లాగింది. కప్పులోకి చూస్తే జెల్‌కోట్ జున్నులా గడ్డకట్టింది. కప్పు పట్టుకున్న చెయ్యి కాలింది. వెంటనే పొగ మొదలైంది. పరుగున బయట సిమెంటు మీద పెట్టి నీళ్లు పోశాను. లెక్క చూసుకుంటే కలిపి ఎనిమిది నిమిషాలే అయింది. 40 డాలర్ల జెల్‌కోట్ పోయింది. పూసిన పావు భాగాన్ని గీకేసి, వ్యాక్స్ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ రాత్రి నిజంగా ఏడుపొచ్చింది.

రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే కాకినాడలో ఆదివారం పొద్దున ఎనిమిదికి, మావయ్యకి ఫోన్ చేశాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "కోబాల్ట్ ఎంత వేశావు?" కోబాల్ట్ అంటే హార్డనర్ త్వరగా పనిచేయడానికి కలిపే మందు. మన దగ్గర రెజిన్, కోబాల్ట్, హార్డనర్ మూడూ విడివిడిగా కొంటారు. ముందు రెజిన్‌లో కోబాల్ట్ బాగా కలిపి, ఆ తర్వాతే హార్డనర్ వేస్తారు. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలిపోతాయని ఆయన షెడ్డులో వాటిని ఒకే బల్ల మీద కూడా పెట్టనివ్వడు. ఇక్కడ అమ్మే రెజిన్‌లో, జెల్‌కోట్‌లో కోబాల్ట్ ముందే కలిపి ఉంటుంది. డబ్బా మీది చిన్న అక్షరాలు చదివి వినిపించాను. "అయితే తప్పు నీ ఎండదిరా. తెల్లారగట్ట చెయ్యి. ఒక శాతం కంటే కొంచెం ఎక్కువ కలుపు, అంతే. ఒక్కసారే అంతా కలపకు, పావు కిలో పావు కిలో కలుపుకో."

వారం తర్వాత, జూలై 13న, తెల్లవారుజామున నాలుగున్నరకి గ్యారేజీ తలుపు తెరిచాను. 26 డిగ్రీలు. మావయ్య చెప్పినట్టే చేస్తే 20 నిమిషాలకు పైగా టైమ్ దొరికింది. జెల్‌కోట్ వేలికి జిగటగా తగిలి, వేలికి అంటనంత ఆరాక మొదట పల్చటి మ్యాట్ వేశాను. దాని మీద రెండు రోజుల్లో నాలుగు పొరల మందపు మ్యాట్. పొర వేసిన ప్రతిసారీ గీతల రోలర్‌తో గాలి బుడగలు తరిమేయాలి. మ్యాట్ తెల్లగా ఉంటే రెజిన్ తాగలేదని, అద్దంలా పారదర్శకం అయితే తాగిందని గుర్తు. "తాగించు, ముంచకు" అంటాడు మావయ్య. కిలో మ్యాట్‌కి రెండున్నర కిలోల రెజిన్, ఆయన లెక్క అది. మోల్డ్ వంగిపోకుండా వెనక చెక్క పట్టీలు అతికించి, రెండు వారాలు ముట్టుకోకుండా వదిలేశాను.

ఇంట్లో పరిస్థితి కూడా చెప్పాలి. మా గ్యారేజీ ఇంటికి ఆనుకుని ఉంటుంది. మొదటి రోజే రెజిన్‌లోంచి లేచే స్టైరీన్ ఆవిరి వాసన వంటింట్లోకి వచ్చేసింది. నా భార్య పాపని తీసుకుని పక్క వీధిలో స్నేహితుల ఇంటికి వెళ్లిపోయింది. "మీరు మాస్క్ పెట్టుకుని మీ ఊపిరితిత్తులు కాపాడుకుంటున్నారు, మా సంగతి ఏంటండీ?" అంది. ఆ మాట సూటిగా తగిలింది. తర్వాత లోపలి తలుపు చుట్టూ టేప్ వేసి, బయటికి ఊదే పెద్ద ఫ్యాను పెట్టి, రెజిన్ పని ఉన్న రోజు వాళ్లు ఇంట్లో లేకుండా చూసుకున్నాను. ఆగస్టులో కాలనీ అసోసియేషన్ నుంచి వాసన గురించి ఉత్తరం వచ్చింది. రెండు ఇళ్లకు వెళ్లి నేనే క్షమాపణ చెప్పి, ఇంకో రెండు శనివారాలే ఉందని తేదీలతో సహా చెప్పాను. మీ గ్యారేజీ కూడా ఇంటికి ఆనుకునే ఉంటే ఈ పని ఇంట్లో పెట్టుకోకండి. ఊరి బయట ఎవరి షెడ్డయినా అడగండి.

మాస్క్ అంటే గుడ్డ మాస్క్ కాదు, ఆవిర్లను ఆపే నల్ల క్యాట్రిడ్జ్‌లు ఉన్నది. హార్డనర్ కలిపేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. ఒక్క చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు.

జూలై 27న మోల్డ్ విప్పాను. అంచుల్లో కొస సన్నగా ఉండే ప్లాస్టిక్ ముక్కలు దిగ్గొట్టి, సందుల్లోకి నీళ్లు పోసి, రబ్బరు సుత్తితో మెల్లగా తడుతూ గంటన్నర. ఏమీ కదల్లేదు. ఒక్కసారిగా టప్‌మని పెద్ద చప్పుడు. మోల్డ్ పగిలిందనుకుని గుండె ఆగినంత పనైంది. కాదు, ఊడి వచ్చింది. తిప్పి చూస్తే నల్లగా మెరుస్తూ నా బానెట్ ఆకారం తిరగబడి ఉంది. ఆ రోజంతా వచ్చిన వాళ్లందరికీ చూపించాను.

ఆగస్టు 10న అసలు బానెట్. మళ్లీ వ్యాక్స్, పీవీఏ, తెల్లవారుజాము. ఒక పొర పల్చటి మ్యాట్, రెండు పొరలు మందపుది. మోల్డ్ కంటే ఇది చాలా తేలిగ్గా అయిపోయింది, ఐదు గంటలు. వెనక బలానికి స్పాంజి పట్టీలు పెట్టి, వాటి మీద మ్యాట్ వేసి పక్కటెముకల్లా కట్టాను. మోల్డ్‌లో ఉండగానే ఇది చేయాలి. ముందే విప్పితే బానెట్ మెలి తిరుగుతుంది. 24న విప్పాను. అంచులు కోసిన రోజు ఒళ్లంతా గాజు పొడి, రెండు రోజులు దురద. చన్నీళ్లతోనే కడుక్కోమన్నాడు మావయ్య. ఆ పొడి పడ్డ బట్టలు ఇంట్లో వాళ్ల బట్టలతో కలిపి ఉతక్కూడదు.

ఇండియా ప్రయాణాలకు 23 కిలోల పెట్టెలు తూచే కొక్కెం కాటా ఉంది కదా, దాంతోనే రెండు బానెట్లూ తూచాను. పాత అల్యూమినియంది, పుట్టీ పెట్టకముందు తూచినప్పుడు, 8 కిలోల 200 గ్రాములు. నాది ప్లేట్లు, కంతల జాలీ, పెయింటు అన్నీ అయ్యాక 9 కిలోల 100. ఫైబర్ అంటే బరువు తగ్గుతుందనుకునే వాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి. ఉక్కు బానెట్ ఉన్న కారయితే చాలా తగ్గుతుంది. మియాటాకి తగ్గదు, కనీసం చేత్తో చేసుకునే వాళ్లకి.

గాలి కంతలు ఎక్కడ పెట్టాలో చాలా ఆలోచించాను. ఈ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్గులు పైన మధ్యలో గుంటల్లో ఉంటాయి. వాన నీళ్లు సరిగ్గా అక్కడ పడితే గుంటల్లో నిలిచి ఇంజిన్ మిస్ కొడుతుంది. అందుకని రెండు కంతలూ ఆ వరసకి దూరంగా, రేడియేటర్ వెనక అటూ ఇటూ కోశాను. కార్డుబోర్డు ముక్కలు పెట్టి చూసి, నీళ్ల డబ్బాతో పోసి, కింద ఎక్కడ పడుతున్నాయో చూసుకున్నాకే రంపం పట్టాను.

సెప్టెంబర్ 7 వినాయక చవితి, ఆ వారం పనికి సెలవు. 14న కీళ్లు బిగించాను. వెనక మూలల్లో కీళ్ల బోల్టులు పట్టే చోట 3 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేట్లు పెట్టి, పైన మ్యాట్‌తో కప్పాను. ముందు లాక్ కొక్కెం దగ్గర మాత్రం ప్లేటు పెట్టలేదు. పెద్ద వాషర్లు వేస్తే చాలనుకున్నాను. నేను చేసిన తప్పుల్లో పెద్దది ఇదే.

22న ఆదివారం పొద్దున పెయింటు లేకుండానే టెస్ట్ డ్రైవ్. పక్కన స్నేహితుడు. కాలనీ రోడ్ల మీద ఏమీ లేదు. గంటకు 50 మైళ్ల దాకా బాగానే ఉంది. హైవే ఎక్కి 65 మైళ్లు దాటగానే, హెడ్‌లైట్ పక్కన బానెట్‌కీ ఫెండర్‌కీ మధ్య ఉండే సన్నటి గీత వెడల్పవడం చూశాను. ఒక అంగుళం. మళ్లీ మూసుకుంది. మళ్లీ లేచింది. మధ్యలో లాక్ పట్టుకుని ఉంది, రెండు ముందు మూలలూ రెక్కల్లా కొట్టుకుంటున్నాయి. స్నేహితుడు "బ్రో, స్లో, స్లో" అంటున్నాడు. చేతులు చల్లబడ్డాయి. హజార్డ్ లైట్లు వేసి, బ్రేక్ గట్టిగా తొక్కకుండా మెల్లగా కుడి లేన్‌కి వచ్చి, ఎగ్జిట్ తీసుకుని పెట్రోలు బంకులో ఆపాను.

బానెట్ ఎత్తి లాక్ కొక్కెం చుట్టూ చూస్తే, బోల్టుల పక్కన ఫైబర్ నాణెమంత మేర తెల్లబారి ఉంది. లోపల గాజుకీ రెజిన్‌కీ పట్టు వదిలేస్తే వచ్చే రంగు అది. ఇంకో పది మైళ్లు పోతే కొక్కెం ఊడి, బానెట్ లేచి అద్దం మీద పడేది. పక్క సీట్లో ఉన్నది ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. ఇంటికి సర్వీస్ రోడ్డు మీద 30 మైళ్ల వేగంతో వచ్చాం. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

గాలి పైనుంచి అదిమి పెడుతుందని అనుకుంటాం కానీ, బానెట్ ముందు అంచు మీద జరిగేది వేరు. అక్కడ గాలి మలుపు తిరిగి పైకి లాగుతుంది. గ్రిల్ లోంచి దూరిన గాలి కింద నుంచి తోస్తుంది. అల్యూమినియం బానెట్‌కి లోపల పూర్తి ఫ్రేము ఉంటుంది కాబట్టి మధ్యలో ఒక్క లాక్‌తో మూలలు కూడా ఆగుతాయి. నా ఫైబర్‌కి అంత బిరుసు లేదు.

ఆ వారం ఆఫీసు అయ్యాక రాత్రుళ్లు అదే పని. తెల్లబారిన భాగం మొత్తం గ్రైండ్ చేసి, అల్యూమినియం ప్లేటు పెట్టి, నాలుగు పొరలు కొత్తగా వేశాను. ముందు రెండు మూలల్లోనూ లోపల ప్లేట్లు. వాటికి బానెట్ పిన్నులు, 28న. అంటే బానెట్ కంతలోంచి పైకి వచ్చే నిలువు కడ్డీలు, పైన క్లిప్పు పెడితే బానెట్ లేవదు.

పిన్ను నిలబడేది రేడియేటర్ పైన ఉండే అడ్డపట్టీ మీద. అది పల్చటి రేకు. ఊరికే కంత పెట్టి నట్టు బిగిస్తే రేకు వంగుతుంది. కింద కూడా ప్లేటు పెట్టి, పైనొక నట్టు, కిందొక నట్టుతో రేకుని నొక్కిపట్టాలి. అసలు చిక్కు బానెట్‌లో కంత ఎక్కడ పెట్టాలన్నది. టేపుతో కొలిస్తే ప్రతిసారీ ఒక్కో లెక్క వచ్చింది. నా భార్య చూసి, దేవుడి గూట్లోంచి కుంకుమ చిటికెడు తెచ్చి, వాజలీన్‌లో కలిపి ఇచ్చింది. పిన్ను కొసకి దాన్ని రాసి, బానెట్ మెల్లగా దించి ఎత్తితే, లోపలి వైపు రెండు ఎర్రటి బొట్లు. సరిగ్గా అక్కడ సన్నటి డ్రిల్లుతో గుర్తు పెట్టి, పై వైపు టేపు వేసి, పైనుంచే పెద్ద కంత చేశాను. కింద నుంచి చేస్తే జెల్‌కోట్ పెచ్చులుగా లేస్తుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. పిన్నులు ఉన్నాయి కదా అని కంపెనీ లాక్ తీసేయలేదు. పిన్ను క్లిప్పు ఎవరైనా లాగేయొచ్చు, లాక్ తియ్యాలంటే కారు లోపలి నుంచే. క్లిప్పు పోకుండా కట్టే తీగకి ప్లాస్టిక్ తొడుగు ఉన్నదే కొన్నాను, లేకపోతే పెయింటు గీసుకుపోతుంది.

ఈసారి రోడ్డెక్కే ముందు పరీక్ష చేశాను. అదే కొక్కెం కాటాని బానెట్ మూలలకు తగిలించి, స్నేహితుడూ నేనూ కలిసి పైకి లాగాం. 40 కిలోల దాకా లాగాం, రెండు వైపులా. కొంచెం కూడా లేవలేదు, ఎక్కడా తెల్లబారలేదు. ఆ తర్వాతే హైవే. 70 మైళ్ల దగ్గర ఆ గీత వంకే చూస్తూ కూర్చున్నాడు స్నేహితుడు. కదల్లేదు.

30న పెయింటుకి ఇచ్చాను, పది రోజులు పట్టింది. పెయింటుకి ముందు వీలైనన్ని రోజులు ఎండలో ఉంచడం మంచిదైంది. ఫైబర్ పూర్తిగా గట్టిపడకుండా రంగు వేస్తే, తర్వాత ఎండ వేడికి లోపలి గాజు పోగుల గీతలు పైకి తేలతాయి. ముదురు రంగుల మీద మరీ కనిపిస్తాయి. నాది ఎరుపు, ఇప్పటివరకు బాగానే ఉంది.

ఖర్చు కలిపితే సామాన్లకు 860 డాలర్లు, అందులో రెజిన్ ఒక్కటే 210. పెయింటు 450. మొత్తం 1310. రెడీమేడ్ కొనుక్కున్నా పెయింటుతో కలిపి ఇంతే అయ్యేది.

అక్టోబర్ 12న దసరాకి కారుకి పూజ చేశాం. పాప బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేసింది. వీడియోలో చూస్తున్న మావయ్య "అంచులు చూపించు" అన్నాడు. నేను వదిలేసిన రెండు గీతలూ వెంటనే పట్టేశాడు.

నవంబర్ 9న టెక్సాస్‌లోనే క్రెసన్ అనే ఊళ్లో ఉన్న మోటార్‌స్పోర్ట్ రాంచ్ రేస్ ట్రాక్‌లో ట్రాక్ డే. తనిఖీ చేసే పెద్దాయన బానెట్‌ని రెండు చేతులతో పట్టుకుని కుదిపి చూసి, స్టిక్కర్ అంటించాడు. 20 నిమిషాల సెషన్‌లో ముల్లు మధ్య గీత దాటలేదు. చలికాలపు ఎండ కూడా సాయం చేసి ఉంటుంది, జూన్ ఎండలోనే అసలు సంగతి తెలుస్తుంది. పిట్‌లోకి వచ్చి చూస్తే కంతల్లోంచి వేడి గాలి అలలు అలలుగా లేస్తోంది. పిన్నులు చెయ్యి పెట్టలేనంత వేడిగా, కానీ బిగించిన చోటే ఉన్నాయి.

మోల్డ్ గ్యారేజీ గోడకి వేలాడుతోంది. ఆస్టిన్‌లో ఉండే ఒక తెలుగబ్బాయి తన మియాటాకి కూడా ఒకటి చేసిపెట్టమని అడిగాడు. ఏప్రిల్‌లో, ఎండలు ముదరకముందే చేద్దామన్నాను. అతని బానెట్‌కి లాక్ దగ్గర, పిన్నుల దగ్గర పెట్టాల్సిన ప్లేట్లు మాత్రం ఇప్పుడే కోసి పెట్టాను.